నీటి వేడి - విషం వాడి

ఫలానా పదార్థం లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాములు మించితే ప్రమాదమని పుస్తకాల్లో చదువుతుంటాం. ఆ అంకె పక్కన నీటి ఉష్ణోగ్రత ఎంతో రాయకపోతే ఆ మాట సగమే నిజమని జంతుశాస్త్ర విద్యార్థిగా నా అభిప్రాయం. ఉదాహరణకు మనకు తెలిసిన కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులనే తీసుకుందాం.

చేపల విసర్జన నుంచి, కుళ్ళిన మేత నుంచి చెరువులో అమ్మోనియా పుడుతుంది. దాన్ని శుభ్రం చేసేవి కంటికి కనబడని బాక్టీరియాలు. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోబాక్టర్ వంటివి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తాయి. ఒకరు ఊడిస్తే ఇంకొకరు ఎత్తిపోసినట్టన్నమాట.

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం అయాను కణత్వచాన్ని సులభంగా దాటలేదు. ఆవేశం లేని అమ్మోనియా మాత్రం ఇట్టే లోపలికి జొరబడుతుంది. విషం ముఖ్యంగా దీనిదే. పి.హెచ్. 8 ఉన్న నీటిలో, 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, మొత్తం అమ్మోనియాలో ఈ రెండో రూపం నూటికి సుమారు 4 వంతులు. 30 డిగ్రీలకు అది 7.5 వంతులవుతుంది. మధ్యాహ్నపు ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడంతో పి.హెచ్. 9కి చేరిందా, సుమారు 45 వంతులు! కొత్తగా చుక్క అమ్మోనియా కలవకుండానే విషం ఇన్ని రెట్లు పెరిగిందన్నమాట.

ప్రాణవాయువు సంగతీ అంతే. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీలకు 7.5 మాత్రమే. వేడికి జీవక్రియలు చురుకై అవసరం పెరిగినప్పుడే నీరు పట్టి ఉంచగల ప్రాణవాయువు తగ్గుతుంది.

అమ్మోనియాకు ముందుగా లొంగేది నైట్రోబాక్టర్. అది నీరసిస్తే నైట్రైట్ పేరుకుంటుంది. అప్పుడు చేపల నెత్తురు ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. సూక్ష్మజీవికి తగిలిన దెబ్బ చివరికి రైతుకు తగులుతుంది.

అలాగని వేడి ఎప్పుడూ కీడే అనుకోరాదు. కొంతమేరకు అది ఈ బాక్టీరియాల పనిని పెంచుతుంది కూడా. డి.డి.టి. అయితే కీటకాలకు చల్లదనంలోనే ఎక్కువ విషం. అందుకే ప్రతి విషాన్నీ విడిగా పరీక్షించాలి.

వెలుగు చిమ్మే ఒక సముద్ర బాక్టీరియాతో నీటి విషాన్ని కొలిచే పరీక్ష చాలా దేశాల్లో వాడుకలో ఉంది. దాన్ని 15 డిగ్రీల దగ్గర చేస్తారు. మన వేసవి చెరువు గురించి ఆ ఫలితం ఒక్కటే ఎంతవరకు చెబుతుంది?

కనుక మిత్రులారా, అమ్మోనియా కొలిచినప్పుడల్లా ఉష్ణోగ్రత, పి.హెచ్., కొలిచిన వేళ కూడా రికార్డులో రాయండి. ఉదయపు కొలత మధ్యాహ్నానికి సాక్ష్యం చెప్పదు.