ఒక్క సమీకరణం, కోటి ప్రతులు

విశ్వం గురించి మామూలు జనానికి పుస్తకం రాస్తున్న రోజుల్లో స్టీఫెన్ హాకింగ్‌కు ఒక హెచ్చరిక అందింది. సమీకరణం చేర్చిన ప్రతిసారీ అమ్మకాలు సగానికి పడిపోతాయట! ఆయన ఐన్‌స్టీన్‌ది ఒక్కటే ఉంచి మిగతావాటి జోలికి పోలేదు. 1988లో వచ్చిన ఆ ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’ కోటి ప్రతులు దాటింది. ఆ లెక్కే నిజమైతే, ఆ ఒక్కటీ లేకపోతే రెండు కోట్లు పోయేదన్నమాట.

లెక్కలు తీసేసినంత మాత్రాన పుస్తకం తేలికైపోదు. హాకింగ్ పుస్తకానికి అసలు మేలు చేసింది ప్రచురణ సంస్థ ఎడిటర్ పీటర్ గుజార్డి. ఇది అర్థం కాలేదు, అది సరిగ్గా చెప్పలేదు అంటూ పేజీలకు పేజీలు ప్రశ్నలు పంపేవారు. అవతల హాకింగ్ పరిస్థితి చూడండి. 1985లో న్యుమోనియా వచ్చి, గొంతుకు ఆపరేషన్ జరిగి మాట పూర్తిగా పోయింది. కంప్యూటర్ తెర మీద ఒక్కో మాటా ఏరుకుంటూ రాయాలి. ఆ జాబితా చూసి చిరాకేసిందనీ, అయినా ఎడిటర్ అన్నదే సబబనీ పుస్తకం ముందుమాటల్లో ఆయనే ఒప్పుకున్నారు.

‘అర్థం కాలేదు’ అనే మనిషిని పుస్తకంలోనే కూర్చోబెట్టినవాళ్లూ ఉన్నారు. గెలీలియో 1632 నాటి తన గ్రంథాన్ని లాటిన్‌లో కాక ఇటాలియన్‌లో, ముగ్గురి సంభాషణగా రాశాడు. ఆ ముగ్గురిలో సాగ్రెడో పండితుడు కాడు, తెలివైన శ్రోత. 1686లో ఫ్రెంచి రచయిత ఫోంటనెల్ రాత్రిపూట తోటలో ఒక జమీందారిణికి గ్రహాల సంగతులు చెబుతున్నట్టు రాశాడు. ఆమె ఊరికే తలాడించే రకం కాదు, ఎదురు ప్రశ్నలు వేస్తుంది.

భౌతిక శాస్త్రవేత్త జార్జ్ గామోవ్ అయితే టాంప్‌కిన్స్ అనే బ్యాంకు గుమస్తాను పట్టుకున్నాడు. అతని కలలో కాంతి వేగం ఎంత తక్కువంటే, సైకిల్ తొక్కుతూ పోయేవాడు నొక్కేసినట్టు సన్నగా కనిపిస్తాడు. ఈ కథను అమెరికా పత్రికలు తిప్పి పంపాయి. 1938లో ఇంగ్లండ్‌లోని ‘డిస్కవరీ’ అచ్చేసింది.

బాగా రాయగలమో లేదోనని ముందే జంకినవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఖగోళ గణితాన్ని ఇంగ్లిషు పాఠకులకు అందించమని అడిగితే, శాస్త్ర రచయిత్రి మేరీ సోమర్‌విల్ రెండు షరతులు పెట్టింది: సంగతి గుట్టుగా ఉండాలి, బాగా రాకపోతే రాతప్రతిని పొయ్యిలో వేయాలి. పొయ్యి అవసరం పడలేదు. 1831లో పుస్తకం వచ్చింది, కేంబ్రిడ్జిలో పాఠ్యగ్రంథమైంది.

మన తెలుగుకు వస్తే, ‘విశ్వాంతరాళం’ రాసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ అణుభౌతిక శాస్త్రవేత్త, సితార్ వాద్యకారుడు. రచయిత కుటుంబరావు గారి అబ్బాయికి వాడుక భాష గురించి ఒకరు చెప్పాలా!

మళ్లీ హాకింగ్ పుస్తకం దగ్గరికే వస్తే, సమీక్ష కోసం ముందుగా ప్రతి అందుకున్న డాన్ పేజ్ అనే శాస్త్రవేత్త అందులోని తప్పులు చూసి బెంబేలెత్తిపోయారు. బొమ్మలు ఒకచోటివి మరోచోట, వాటి కింది పేర్లు తారుమారు. ప్రచురణ సంస్థ ఆ ముద్రణ మొత్తాన్ని పక్కన పడేసి, మూడు వారాలు కుస్తీపట్టి అన్నీ సరిచేసింది. ఎలాగైతేనేం, అనుకున్న తేదీకే విడుదల చేసింది. ఆ తేదీ ఏప్రిల్ ఒకటి!