ఆకు తెంపే ముందు

1884లో జపాన్‌లోని ఫుకుఓకా రైతులు తమ వరి మళ్లలో ఆకులు అంచుల వెంట ఎండిపోవడం గమనించారు. నేలలో ఆమ్లం ఎక్కువై ఇలా అవుతోందని అప్పటివాళ్లు అనుకున్నారు. తెల్లారేసరికి ఆకుల మీద నిలిచే మసక బిందువుల్లో బాక్టీరియా ఉందని 1909లో గాని బయటపడలేదు. పాతికేళ్లు! అదే బాక్టీరియా ఎండాకు తెగులును ఇవాళ తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ), ఆంధ్రలో గ్రామ వ్యవసాయ సహాయకుడు బండికి స్టాండు వేసిన కాసేపట్లోనే, రైతు చూస్తుండగా తేల్చి చెప్పాలి.

తప్పు చెబితే నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది. ఆకు పసుపెక్కింది, పైరుకు బలం చాల్లేదనుకుంటే ఇంకో బస్తా యూరియా పడుతుంది. నత్రజని పెరిగేకొద్దీ ఈ తెగులు రెచ్చిపోతుంది. అగ్గి తెగులనుకుని ట్రైసైక్లజోల్ కొడితే డబ్బు దండగ. శిలీంద్రాల మీద పనిచేసే మందు బాక్టీరియాను ఏమీ చేయదు.

శిక్షణ అనగానే మనవాళ్లు ఒక హాలు, ప్రొజెక్టరు, మధ్యాహ్నం భోజనం సిద్ధం చేస్తారు. తెర మీది ఆకు ఎప్పుడూ ఒకే తెగులుతో, నిండు లక్షణాలతో కనిపిస్తుంది. మడిలో ఆకుకు ఆ మర్యాద లేదు. ఆకుముడత పురుగు గీకిన తెల్ల చార, కలుపుమందు పడిన మచ్చ, ఎండిన అంచు, మూడూ ఒకే ఆకు మీద ఉండొచ్చు. ఈ చిక్కు కంప్యూటరుకూ తప్పలేదు. ప్లాంట్‌విలేజ్ అనే సేకరణలోని 54,306 ఆకు ఫొటోలతో నేర్పిన ప్రోగ్రాం అదే కోవ ఫొటోలను 99 శాతానికి పైగా సరిగ్గా గుర్తించిందని 2016లో ప్రకటించారు. మరో చోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపితే అది 31 శాతానికి పడిపోయింది. అన్నట్టు, ఆ ఫొటోల్లోని 14 పంటల్లో వరి లేదు.

పొలంలో నేర్పే శిక్షకుడు ముందు ఆకు తెంపనివ్వడు. గట్టు మీద నిలబెట్టి, పసుపు మడిలో ఎక్కడెక్కడ ఉందో చెప్పమంటాడు. స్ప్రేయరు పట్టుకుని నడిచిన వరస వెంబడి తిన్నగా బద్దలా ఉంటే మందు దెబ్బ అనుకోవాలి. మడి అంతటా ముదురాకుల కొసలు ఒకే తీరున మాడితే పొటాష్ లోపాన్ని అనుమానించాలి. సుళ్లు సుళ్లుగా కాలినట్టుంటే సుడిదోమ. అప్పుడు వంగి దుబ్బు మొదళ్లు చూడాలి. ఎండాకు తెగులు ఇంత లెక్కగా రాదు. చెట్టు నీడ పడే మూల, నీరు నిలిచే పల్లం, యూరియా ఎక్కువ పడిన చోటు దానికి అనువు. అక్కడ అందుకుని గాలివానతో, పారే నీటితో పాకుతుంది.

తర్వాత రైతును అడగాలి: ఈదురు గాలి ఎప్పుడు తగిలింది, యూరియా ఎప్పుడు చల్లారు, ఏ రకం వేశారు? రకం అడగడం మర్యాదకు అడిగే మాట కాదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబా మసూరి, అంటే బీపీటీ 5204, ఈ తెగులుకు తేలిగ్గా లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులు చేర్చి రూపొందించిన మెరుగైన సాంబా మసూరి 2008లో విడుదలైంది. ఆ రకం వేసిన మడిలో అంచులు ఎండితే ముందు వేరే కారణాలు వెతకాలి. బస్తా మీది పేరూ లోపలి విత్తనమూ ఒకటేనా అన్నది కూడా వాటిలో ఒకటి.

ఇప్పుడు ఆకు తెంపొచ్చు. ఆకు అంచుల్లో నీరు చెమర్చే సన్నటి రంధ్రాలుంటాయి. బాక్టీరియా వాటిగుండా, లేదా గాలికి ఆకులు రాసుకుని పడిన గాయాల గుండా లోపలికి దూరి, నీరు పారే నాళాల్లో కాపురం పెడుతుంది. అందుకే పసుపు కొస నుంచో అంచు నుంచో మొదలై కిందికి దిగుతుంది. పచ్చదనంతో కలిసే చోట గీత తిన్నగా ఉండదు, అలలా వంకరలు తిరుగుతుంది. పొటాష్ లోపం ముదురాకులతో మొదలవుతుంది. ఎండాకు తెగులు పోటాకునూ వదలదు.

అనుమానం ఇంకా మిగిలితే ఒక గాజు గ్లాసు, తేట నీళ్లు చాలు. పసుపూ పచ్చా కలిసే చోట ఆకును అడ్డంగా కోసి, ఆ ముక్కను నీళ్లలో నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. నాళాల్లో బాక్టీరియా ఉంటే కాసేపట్లో కోసిన అంచు నుంచి సన్నని తెల్లటి ధారలు పొగలా కిందికి జారతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు బాగా ఎండిన ముక్కనే కోస్తారు, అందులో ధార రాదు, తెగులు లేదని రాసేస్తారు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈనెల మధ్య సన్నని చారలుగా వచ్చే మరో బాక్టీరియా తెగులుకూ ఇలాగే ధార వస్తుంది. గ్లాసు బాక్టీరియా అని చెప్పగలదు గాని, ఏ బాక్టీరియానో చెప్పలేదు. అది అంచుదా, చారలదా అన్నది మళ్లీ కన్నే చూడాలి.

ఊడ్చిన కొద్ది వారాల్లో మొక్క మొత్తం వాడిపోయే రూపం మరీ మోసకారి. కాండం తొలిచే పురుగు కొట్టిందనే అందరూ అనుకుంటారు. మొవ్వు పట్టుకుని లాగితే తేలుతుంది: పురుగుదైతే చేతికి ఊడొస్తుంది, మొదట్లో కొరికిన గుర్తుంటుంది. ఊడిరాకపోతే కాండం మొదలు కోసి నొక్కాలి. పసుపు రంగు జిగురు కనిపిస్తే బాక్టీరియానే.

తెగులు పేరు చెప్పాక, ఆకు ఎంత శాతం దెబ్బతిందో రాయాలి. కంటిని అంతగా నమ్మలేని చోటు ఇదే. చిన్న మచ్చలు చెదురుగా ఉంటే ఉన్నదానికంటే బాగా ఎక్కువ రాస్తాం. గోధుమ తుప్పు తెగులుకు 1948లో సవరించిన బొమ్మల కొలమానంలో నూరు అని గుర్తు పెట్టిన ఆకు మీద నిజంగా తుప్పు ఉండేది 37 శాతం మేరే. విస్తీర్ణం ముందే కొలిచిన బొమ్మలు వరసగా చూపిస్తూ, ఎవరి అంచనా వాళ్లచేత రాయించి, అసలు అంకె పక్కన పెడితే ఈ లోపం బాగా తగ్గుతుంది.

రైతు ముందుగా వెళ్లేది మాత్రం అధికారి దగ్గరికి కాదు, మందుల షాపుకు. షాపులవాళ్ల కోసం హైదరాబాద్‌లోని వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ 2003లో డేసీ అనే డిప్లొమా మొదలుపెట్టింది. 48 వారాల కోర్సులో తరగతి గది పాఠాలు 40, పొలం సందర్శనలు 8. నన్నడిగితే ఆ లెక్క తిరగబడాలి. అయినా చదువుతో తీరని ఇబ్బంది ఒకటుంది. ఎండాకు తెగులుకు సరైన సలహా యూరియా ఆపమనడం, మడిలో నీళ్లు తీసేయమనడం. గట్టిగా పనిచేసే మందు లేదు. యాంటీబయాటిక్ పొడి వాడినా ఫలితం అంతంతే, పైగా మనుషుల జబ్బులకు వాడే మందులు మొద్దుబారతాయన్న భయమూ ఉంది. నిజం చెప్పిన డీలరుకు ఆ పూట బేరం ఉండదు.

అందుకే నాకు పొలంబడి దారి నచ్చుతుంది. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన ఈ పద్ధతిలో రైతులే మడిలోకి దిగి, చూసింది బొమ్మ గీసి, తమలో తాము వాదించుకుంటారు. ఏఈఓనూ డీలరునూ కూడా వాళ్లతోపాటు ఆ మడిలోకే దింపాలి. గ్లాసులో ధారను స్వయంగా చూసిన రైతుకు అగ్గి తెగులు మందు అంటగట్టడం అంత తేలిక కాదు.