ఆయన పోయాక పన్ను ఎవరు కట్టాలి?

భర్త పోయిన ఇంట్లో పెద్దకర్మ కాకముందే సలహాలు మొదలవుతాయి. బ్యాంకు పని మరిదికి తెలుసు, ఎల్ఐసీ సంగతి పక్కింటాయనకు తెలుసు. ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి పెద్దగా తెలియకపోయినా అందరూ చెబుతారు. ఆ ఇల్లాలేమో రాని పన్నుకు భయపడుతుంది, చేయాల్సిన పని వదిలేస్తుంది.

అపోహ: మనిషే లేనప్పుడు రిటర్న్ ఏమిటి?

వాస్తవం: వేయాలి. ఆయన నవంబరు 10న పోయారనుకుందాం. ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు దాకా వచ్చిన జీతం, వడ్డీ, అద్దె ఆయన ఆదాయమే. ఆ ఆదాయం ప్రాథమిక మినహాయింపు పరిమితి దాటితే ఆయన పేరనే, ఆయన పాన్ మీదే రిటర్న్ దాఖలు చేయాలి. వారసురాలిగా ఆ పని భార్య చేస్తుంది. ఆ తర్వాత వచ్చే వడ్డీ, అద్దె ఆస్తి పొందినవారి లెక్కలోకి వెళతాయి. భార్య పోయి భర్త మిగిలినా పద్ధతి ఇదే.

అపోహ: ముందు పాన్ కార్డు రద్దు చేయించాలి.

వాస్తవం: ఈ తొందరే కొంప ముంచుతుంది. చివరి రిటర్న్‌కూ, రావాల్సిన రిఫండ్‌కూ ఆ పానే ఆధారం. ముందుగా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చట్టబద్ధ వారసురాలిగా నమోదు కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఇద్దరి పాన్ కార్డులు, వారసత్వానికి రుజువు అడుగుతారు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు తెలంగాణలోనైతే మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫ్యామిలీ పెన్షన్ ఆర్డరు ఉంటే అదీ చెల్లుతుంది. అన్నీ తేలాకే పాన్ అప్పగించండి.

అపోహ: బీమా సొమ్ము, ఇల్లు చేతికొస్తే పన్ను పడుతుంది.

వాస్తవం: పడదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. జీవిత బీమా డెత్ క్లెయిముకూ మినహాయింపు ఉంది. ఇంటి మీద వచ్చే అద్దెకు మాత్రం పన్ను ఉంటుంది. రేపు ఇల్లు అమ్మితే లాభాన్ని ఆయన కొన్న ధర నుంచి లెక్కిస్తారు, కాబట్టి పాత దస్తావేజులు పారేయకండి.

అపోహ: ఫ్యామిలీ పెన్షన్‌కు జీతంలాగే 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది.

వాస్తవం: రాదు. అది ‘ఇతర ఆదాయం’ కిందికి వస్తుంది. కొత్త విధానంలో పెన్షన్‌లో మూడో వంతు, 25,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అంత తగ్గిస్తారు. పాత విధానంలో ఆ పరిమితి 15,000.

అపోహ: నామినీనే కాబట్టి షేర్లన్నీ నావే.

వాస్తవం: నామినీ చేతికి వస్తాయి, అంతే. వీలునామా లేకపోతే హిందూ కుటుంబంలో పిల్లలతోపాటు అత్తగారికీ వాటా ఉంటుంది.

అపోహ: ఆయన పన్ను బకాయికి నా నగలు అమ్ముకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆయన వదిలివెళ్లిన ఆస్తి విలువ మేరకే వారసుల బాధ్యత. అయితే బకాయి తీర్చకుండా ఆ ఆస్తిని పంచేసినా, అమ్మేసినా ఆ విలువ మేరకు సొంత జేబు నుంచి కట్టాల్సి రావచ్చు. అందుకే పంపకాలకు కూర్చునే ముందే ఫైలు ఆడిటరుగారికి చూపించండి.