ఆంగ్లక్రియలును మన విభక్తులును

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలయందు 2022-23 విద్యాసంవత్సరము మొదలుకొని ఒకటవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. మా దేవరుప్పుల వంటి గ్రామములలో సాయంకాలము పాఠము చదివించు భారము తల్లులపైననే పడుచున్నది. తెనుగు చక్కగా చదువనేర్చిన సోదరీమణులు సయితము "ఇంగ్లీషు మాకేమి తెలియును?" అని పుస్తకమును బిడ్డ చేతికే తిరిగి యిచ్చివేయుచున్నారు. అంత నిరాశ యక్కఱలేదు. విభక్తి యెఱిగిన తల్లికి ఆంగ్లమున సగము చిక్కు విడిపోవును.

ఆంగ్లమున క్రియ వెనుక టు, ఫర్, ఎట్, ఆఫ్, విత్ అను చిన్నమాటలు నిలుచును. వీనిని ప్రిపోజిషనులందురు. మన ప్రత్యయము నామము చివర నంటియుండును. వారి చిన్నమాట నామమునకు ముందు విడిగా నుండును. పని యొక్కటియే. కాని యే క్రియకు ఏది తగునన్నది ఆ భాషవారి వాడుకయే నిర్ణయించును. మన ప్రత్యయమును మాటకు మాట మార్చి పెట్టుటవలననే బిడ్డల తప్పులు పెక్కు పుట్టుచున్నవి.

"జనగామకు చేరితిమి" అని తలచుకొని పిల్లవాడు "రీచ్డ్ టు జనగామ" అని వ్రాయును. రీచ్ అను క్రియ కర్మమును నేరుగా గ్రహించును. "రీచ్డ్ జనగామ" అనవలెను. అదే యర్థముగల ఎరైవ్ అను క్రియకు ఎట్ గాని ఇన్ గాని కావలెను. గో అన్నచో టు వచ్చును. ఊరొకటే, త్రోవలు మూడు! "సీతతో వివాహమయ్యెను" అను వాక్యము చూచి "మ్యారీడ్ విత్ సీత" అందురు. అది తగదు. "సీతను పెండ్లాడెను" అను మన ద్వితీయయే యిచ్చట సరిపోవును. "మ్యారీడ్ సీత" అనినం జాలును.

పెద్ద చదువులవారును తఱచు పలుకు తప్పు "డిస్కస్ అబౌట్". దీనికి మన "గురించి" యే కారణము. అయితే చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన వారికి కూర్చి, గురించి అనునవి ద్వితీయా ప్రత్యయములలోనివే యని తెలియును గదా! డిస్కస్ అను క్రియ కర్మమును నేరుగా గైకొనునప్పుడు "గురించి" యను నర్థము అందే యిమిడియున్నది. టాక్, థింక్ అనువానికి మాత్రము అబౌట్ ఉంచవలెను.

లుక్ అను క్రియ మఱింత వింతయైనది. ఎట్ చేర్చిన చూచుట, ఫర్ చేర్చిన వెదకుట, ఆఫ్టర్ చేర్చిన సంరక్షించుట. ఒక్క హృ ధాతువు నుండి ఆహారము, విహారము, ప్రహారము, సంహారము పుట్టుట యెఱిగిన మనకు ఇందు ఆశ్చర్యమేమి? సంస్కృతమున ఉపసర్గ ముందు వచ్చును, ఆంగ్లమున వెనుక వచ్చును, అంతియే.

ఆంగ్లము మాటలాడు వారిలోనే యేకాభిప్రాయము లేదు. ఇంగ్లండువారు "రైట్ టు మి" యనుచోట అమెరికావారు "రైట్ మి" యందురు. అమెరికాలోని మనుమరాలు అట్లు వ్రాసినచో నాయనమ్మలు దిద్దనక్కఱలేదు.

బిడ్డచేత క్రియ నొంటరిగా వల్లె వేయింపరాదు. "వెయిట్ ఫర్ ది బస్", "లిజన్ టు మదర్" అని జంటగానే వ్రాయింపవలెను. మొదటిది మన "కొఱకు" తో కలియును. రెండవది కలియదు, మనము "తల్లి మాటను" విందుము గాని "తల్లి మాటకు" వినము. కలియనివానికి ప్రక్కన ఎఱ్ఱసిరాతో గీత గీయింపుడు. అన్నముడుకునంతలో దినమునకు ఐదు జంటలు చాలును. సందేహము కలిగినచో నిఘంటువులో క్రియను తీసి, దాని క్రింది యుదాహరణ వాక్యమును బిడ్డచేతనే చదివింపుడు.