గంప ఎక్కడ మొదలవుతుంది?

ఐర్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు పీట్ మట్టిని, బంగాళాదుంపలను వీపున మోసుకెళ్ళే గంపను క్రీల్ అనేవారు. మేయో కౌంటీలోని కాసిల్‌బార్ దగ్గర, టర్లోలో 2001లో తెరిచిన పల్లెజీవన మ్యూజియంలో పాత పనిముట్లెన్నో భద్రంగా ఉన్నాయి. కానీ వస్తువును దాచినంత మాత్రాన పనితనం నిలవదు. ఎలా చేశారో చేసినవాళ్ళను అడిగి రాసి ఉంచాలి. ఆ అడిగే పనికి పిల్లలు చక్కగా సరిపోతారు. ఐర్లాండే అందుకు సాక్ష్యం.

క్రీల్‌నే చూడండి. మన మేదరివాళ్ళు వెదురు బుట్టను అడుగు నుంచి మొదలుపెడతారు కాబట్టి, ఇదీ అలాగే అల్లి ఉంటారనుకుంటాం. నిజానికి ఇది తలకిందుల పని. విల్లో చువ్వలను గంప మూతి ఆకారంలో నేలలో నిలువుగా గుచ్చేవారు. నేలకు ఆనించి ముందు మూతి అంచును గట్టిగా అల్లి, అక్కడి నుంచి పైకి వెళ్ళేవారు. చివర్లో చువ్వల కొసలను లోపలికి వంచి, ఒకదానితో ఒకటి పెనవేస్తే అడుగు తయారయ్యేది. అప్పుడు మొత్తాన్ని నేలలోంచి పెరికి తిరగేసేవారు. బండి చక్రం చేసిన తీరూ ఇలాగే చూస్తే ఊహకందదు. ఇనుప పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు తొడిగి నీళ్ళు పోస్తే, ముడుచుకుని కొయ్య అతుకులన్నిటినీ బిగించేస్తుంది. తెలుగు పల్లెల్లో కమ్మరి, వడ్రంగి కలిసి చేసిందీ ఇదే పని. తయారైన చక్రాన్ని ఎంతసేపు చూసినా ఈ కిటుకు కనబడదు.

1937 నుంచి 1939 దాకా ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ 26 కౌంటీల్లోని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలతో ఇలాంటి సంగతులను రాయించింది. ఇంట్లో, ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి విన్నది నోటుబుక్కుల్లో రాయడమే వాళ్ళ పని. అడగవలసిన అంశాల్లో పాత చేతిపనులూ ఉన్నాయి. అలా పోగైనవి లక్షల పేజీలు. వాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవవచ్చు.

పిల్లల రాతలు ఏం సాక్ష్యం, తాతలు కోతలు కొయ్యరా అని అడగవచ్చు. కొలిమి తొట్టిలోని నీళ్ళు రాస్తే పులిపిర్లు రాలిపోతాయన్న నమ్మకం అక్కడ ఉండేది. ఆ నీళ్ళకు మహిమ ఉందని దీనివల్ల రుజువు కాదు గానీ, కమ్మరికి ఊళ్ళో ఎంత గౌరవముండేదో తెలుస్తుంది. పైగా ఒక బడి రాతను మరో బడి రాతతో పోల్చి చూసుకునే వీలుంది. మరో అభ్యంతరం ఇంకా బలమైనది: అవి పేదరికపు రోజులు, వాటిని తలచుకుని మురిసిపోవడమెందుకని. నిజమే. రేకు డబ్బాలు చేసి, మాట్లు వేసి బతికిన ట్రావెలర్లు అనే సంచార జనాన్ని ఊళ్ళు చిన్నచూపే చూశాయి. ప్లాస్టిక్ వచ్చాక ఆ పనీ పోయింది. వాళ్ళను ప్రత్యేక జాతిగా ప్రభుత్వం గుర్తించింది 2017లోనే. అయినా ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోవడం వేరు, ఆ చేతుల్లో ఉన్న తెలివిని తెలుసుకోవడం వేరు. తెలివిని రాయకుండా వదిలేస్తే, చిన్నచూపు చూసినవాళ్ళ మాటే చివరికి మిగులుతుంది.

ఆ నోటుబుక్కులు రాసిన పిల్లల్లో ఎక్కువమంది మీ ఈడువాళ్ళే, పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ లోపువాళ్ళు. వాళ్ళకు ప్రశ్నల చిట్టాను బడి ఇచ్చింది. మీ చిట్టాను మీరే మొదలుపెట్టవచ్చు: ఈసారి తాతయ్య వీడియో కాల్‌లోకి వచ్చినప్పుడు, ఊళ్ళో కమ్మరి పట్టాను ఎంత చిన్నదిగా కొట్టేవాడో, ఆ కొలత ఎలా తీసేవాడో అడగండి.