పశువుల మందు పిల్లికి విషము

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలములోని కొండకల్ గ్రామమున 2023లో రైలుపెట్టెల కర్మాగారము ప్రారంభమైనది. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతములకు సమీపముననున్న ఇట్టి గ్రామములలో ఒక వైపు కర్మాగారములు, కొత్త ఇండ్లు పెరుగుచుండగా, మరియొక వైపు పాడిపశువులు, ధాన్యపు కొట్లు నిలిచియే యున్నవి. ధాన్యమును ఎలుకల బారినుండి కాపాడు పిల్లికి పాత యింటను, కొత్త యింటను చోటు కలదు. అట్టి పిల్లికి మనమే తెలియక కీడు చేయు సందర్భమొకటి కలదు. దానిని పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుటయే మా యుద్దేశము.

పశువులకు పిడుదులు పట్టుట అందరెరిగినదే. కొందరు వీనినే గోమార్లందురు. పిల్లులకు పిడుదులతోపాటు వెండ్రుకల నడుమ దుముకుచు తిరుగు సన్నని పేలు కూడ పట్టును. కొట్టములో మిగిలిన పశువుల మందును, లేదా కుక్కకై కొన్న చుక్కల మందును పిల్లికిని కొంచెము వేసిన నేమగునని తోచుట సహజము. కాని ప్రాణాపాయము అచ్చటనే యున్నది.

పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అనునవి చామంతి జాతి పువ్వులలోని ఒక ద్రవ్యమును అనుకరించి తయారుచేసిన మందులు. ఇవి పురుగుల నాడులను దెబ్బతీయును. పశువులు, కుక్కలు తమ కాలేయముచే ఈ మందును విరిచి వెలికి పంపగలవు. పిల్లి కాలేయమున ఆ పనికి వలయు ఎంజైము చాల కొరత. అందుచే మందు దాని శరీరముననే నిలిచి విషమగును. పైగా పిల్లి తన యొడలిని నాకుకొనును గనుక, చర్మముపై వేసినది కడుపులోనికిని పోవును. కుక్కల చుక్కల మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ నూటికి 45 పాళ్లకు మించియుండును. అమిట్రాజ్ అను పశువుల మందును కూడ పిల్లికి వాడరాదు.

విషము సోకిన పిల్లికి చొల్లు కారును, చెవులు, కండరములు అదరును, నడక తూలును, మూర్ఛలు వచ్చును. ఇవి కొన్ని గంటలలోనే గాని, ఒకటి రెండు దినములకు గాని కనబడవచ్చును. పిల్లి తెలివితో నున్నచో గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోము ద్రవసబ్బుతో మందును కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి వెచ్చగా నుంచవలెను. వాంతి చేయింపరాదు, పాలు, నూనె పోయరాదు. మూర్ఛ వచ్చుచున్నచో కడుగుటకై ఆగక, మందు సీసాతో సహా పశువైద్యుని కడకు కొనిపోవలెను. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. అయినను సకాలమున చికిత్స జరిగిన పిల్లులు పెక్కు కోలుకొనును.

పిల్లులకు తగిన మందులు లేకపోలేదు. పిల్లుల కొరకే తయారైన ఫిప్రోనిల్, సెలామెక్టిన్ చుక్కలు కలవు. పిల్లి బరువును, వయస్సును చీటీతో సరిచూచి, మెడ వెనుక నాలుకకు అందని చోట వెండ్రుకలు పాయదీసి చర్మముపై వేయవలెను. పసికూనలకు, చూలి పిల్లులకు, జబ్బు పిల్లులకు వైద్యుని అడుగక వేయరాదు. ఫిప్రోనిల్ అను పేరు పైరు మందుల డబ్బాలపై కూడ కనబడును. పేరొకటే యని పైరు మందును పిల్లికి పూయుట తగదు. మందు ఆరువరకు పిల్లలను తాకనీయక, వేసినవారు చేతులు కడుగుకొనవలెను.

పేల గ్రుడ్లు, పిల్లపురుగులు అధికముగ నేలపైనను, గోనెలలోను ఉండును. పిడుదులు గోడల నెఱ్ఱెలలో గ్రుడ్లు పెట్టును. కావున పరుపులు, గోనెలు ఎండలో వేసి, నేల ఊడ్చి, నెఱ్ఱెలు పూడ్చినగాని మందుచే పూర్తి ఫలము కలుగదు.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పశుపోషణను పంచాయతీలకు అప్పగింపదగిన అంశములలో చేర్చినది. కావున సభ్యులు పశువైద్య సిబ్బందిని గ్రామసభకు పిలిచి ఈ సంగతి చెప్పింపవలెను. కొట్టములలో మందు చల్లు దినమును ముందుగా చాటించి, నేల ఆరువరకు పిల్లులను దూరముగ నుంచునట్లు చూడవలెను. కుక్కకు పెర్మెత్రిన్ వేసిన ఇంట 3 దినములు పిల్లిని దానికి ఎడముగ నుంచుమని తెలుపవలెను. చీటీపై పిల్లికని వ్రాసియుండని మందును పిల్లికి వేయరాదను ఒక్క మాట ప్రతి ఇంటికి చేరినను చాలును.