ఇంట్లో మగ్గం పని: పసిపిల్లల తల్లికి నిద్ర బాకీ

తుళ్లూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలలో పత్తి తీతకు, మిరపకోతకు వెళ్లే స్త్రీలకు నేను చాలా సంవత్సరాలు వైద్యం చేశాను. వారి బాధలు నాకు కంఠస్థమే. మిరపకాయలు కోసిన చేతుల మంట, వంగి వంగి పట్టుకుపోయిన నడుము, ఎండదెబ్బ, నీళ్లు తాగక వచ్చే మూత్రకృచ్ఛ్రం. చంటిబిడ్డను గట్టుమీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, మధ్యమధ్య వచ్చి పాలిచ్చి పోయేవారు. అది సుఖమైన బ్రతుకని నేననను. కాని పొద్దు గుంకితే ఆ పని ఆగేది. చీకట్లో పత్తి తీయడం ఎవరివల్లా కాదు గదా!

2015లో రాజధాని నిర్మాణం కోసం ఈ ప్రాంతపు గ్రామాల రైతులు భూసమీకరణ కింద ముప్పై వేలకు పైగా ఎకరాలు అప్పగించారు. ఆ సంవత్సరం అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. చేలు లేనిచోట కూలి ఎక్కడిది? భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పాటైంది గాని, దానితో ఇల్లు గడవదు. అప్పటినుంచి నా వద్దకు వచ్చే స్త్రీలలో కుట్టుపని, మగ్గం పని చేసేవారు ఏటేటా పెరుగుతూ వచ్చారు. మగ్గం పని అంటే మంగళగిరి నేతన్నల గుంటమగ్గం అనుకోకండి. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డను బిగదీసి కట్టి, కొక్కెం వంటి మొన గల సూదితో జరీ, పూసలు, చమ్కీలు, కుందన్లు పొదిగే పని ఇది. పెళ్లికూతురి జాకెట్టు వీపుమీద నెమలినో, ఏనుగునో, పూలకుండీనో నిలబెట్టే ఈ విద్యలో ఊహ కావాలి, చేతి నైపుణ్యం కావాలి. నాకు దానిపై గౌరవమే. నా ఫిర్యాదు విద్యమీద కాదు, అది జరిగే వేళమీద.

సుమారు మూడేళ్ల క్రితం ముప్పై ఏళ్ల స్త్రీ ఒకామె వచ్చింది. నాలుగేళ్ల కొడుకు, పది నెలల చంటిపాప. కళ్లమంట, సాయంత్రానికి తలనొప్పి, మెడనుంచి భుజం వరకు లాగుడు, గుండెల్లో మంట, పాలు తగ్గినట్టు అనుమానం. నేను నాడి చూశాను, నాలుక చూశాను, వాతపిత్తాలు ప్రకోపించాయని నిర్ణయించాను. ఘృతం ఒకటి ఇచ్చి, మెడకు తైలం ఇచ్చి, "విశ్రాంతి తీసుకో అమ్మా" అని పంపాను. నెల తరువాత అదే బాధతో మళ్లీ వచ్చింది. మందు మార్చాను. రెండవ నెల కూడా గుణం కనిపించలేదు. అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. మా గురువుగారు రోగి వచ్చి కూర్చోగానే నాడి పట్టేవారు కాదు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?" అని అడిగిన తరువాతే చేయి చాపమనేవారు. ఆ ప్రశ్న నేను రెండు నెలలపాటు అడగలేదు.

అడిగితే ఆమె చెప్పిన లెక్క ఇది. తొమ్మిదిన్నరకు పిల్లలు నిద్రపోతారు. పదింటికి చట్రం ముందు కూర్చుంటుంది. పగలు కూర్చుంటే పాప సూదులమీదికి పాకుతుంది, కొడుకు పూసల డబ్బా బోర్లిస్తాడు. కాబట్టి అసలు పనంతా రాత్రే. ఒంటిగంటకు పడుకుంటుంది. మధ్యలో ఒకసారి పాపకు పాలివ్వాలి. ఐదింటికి లేవాలి, ఎందుకంటే ఎనిమిదింటికి బడి బస్సు వస్తుంది. "మరి విశ్రాంతి ఎప్పుడు తీసుకోమంటారు తాతగారూ?" అని నవ్వింది. ఆ నవ్వుకు నా వద్ద సమాధానం లేదు.

సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రం మొదటి అధ్యాయంలో నేత్రరోగాల కారణాలను వరుసగా పేర్కొన్నారు. సూక్ష్మమైన వస్తువులను అదేపనిగా చూడటం, నిద్ర తారుమారు కావడం, మలమూత్రాది వేగాలను ఆపుకోవడం, కోపం, శోకం, పొగ, మింగిన కన్నీరు. ఈ కారణాలన్నీ ఒకే చోట ఉన్నాయి. మగ్గం పని చేసే తల్లిని ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పినట్టే ఉంటుంది. ఇందులో ఒక్క సూక్ష్మదర్శనానికి మాత్రమే మందిచ్చి, మిగిలినవి వదిలేస్తే గుణం ఎలా వస్తుంది? ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. గుంటూరులో కంటివైద్యునికి చూపించుకోమన్నాను. ఆమెకు కళ్లద్దాలు అవసరమని తేలింది. అద్దాలతో తీరవలసిన తలనొప్పికి నేను రెండు నెలలు నెయ్యి తాగించాను. సూదిపని చేసేవారు ఏడాదికొకసారి కళ్లు పరీక్ష చేయించుకొనవలెను. ఘృతాలు ఆ తరువాతి మాట.

ఇక నిద్ర సంగతి. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడూ శరీరమనే ఇంటికి ఊతకొయ్యలని చరకసంహిత సూత్రస్థానంలో ఉన్నది. బ్రహ్మచర్యమంటే ఇక్కడ గృహస్థు పాటించే నియమమని గ్రహించాలి. రాత్రి మేలుకొంటే శరీరంలో రూక్షత, అంటే ఎండుదనం, పెరుగుతుంది. పగలు పడుకొంటే స్నిగ్ధత, బరువు పెరుగుతాయి. కూర్చొని కునుకు తీస్తే ఈ రెండు దోషాలూ ఉండవు. ఈ మూడు మాటలూ చరకునివే. మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని రెండు గంటలు పడుకొనే తల్లికి లేచాక ఒళ్లు మరింత బరువెక్కడం ఇందువల్లనే. "పగలు పడుకుంటూనే ఉన్నావుగా" అని అత్తగారు అనడమూ ఇక్కడే మొదలవుతుంది!

అయితే తప్పనిసరిగా రాత్రి మేలుకొన్నవారికి ఉపాయం లేదా? ఉన్నది. అష్టాంగహృదయం సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో వాగ్భటుడు స్పష్టంగా చెప్పాడు. అలవాటులేని జాగరణ చేసినవారు, మేలుకొన్న కాలంలో సగం కాలం మరునాటి ఉదయం నిద్రపోవాలి. అదీ భోజనానికి ముందు, ఖాళీ కడుపుతో. లెక్క చూడండి. పదింటికి పడుకోవలసిన మనిషి ఒంటిగంటకు పడుకుంటే పోయినది మూడు గంటలు. ఉదయం అదనంగా గంటన్నర కావాలి. అంటే ఐదింటికి లేచే మనిషి ఆరున్నర వరకు లేవకూడదు.

ఈ సూత్రం తల్లి ఒక్కతే పాటించగలిగేది కాదు. ఆమె పడుకొన్న గంటన్నరలో పాలు కాచేది ఎవరు? పిల్లవాడికి స్నానం చేయించేది ఎవరు? క్యారేజీ కట్టేది ఎవరు? వాగ్భటుడు జాగరణ చేసినవారికి చెప్పిన మాటను నేను ఇంటిల్లిపాదికీ చెప్పవలసి వచ్చింది. ఆమె భర్తను, అత్తగారిని పిలిపించాను. ఇది సలహా కాదు, చికిత్స అని చెప్పాను. మాత్ర మూడుపూటలా వేయించినట్టే ఉదయం గంటన్నర పడుకోనివ్వాలన్నాను. అత్తగారు మొదట ముఖం చిట్లించారు. "మేం చేనుకి పోయి రాలేదా, పిల్లల్ని పెంచలేదా?" అన్నారు. నిజమే. కాని ఆవిడ రాత్రి ఎనిమిదింటికే పడుకొనేవారట! ఆ మాట ఆవిడ నోటనే వచ్చింది, ఆ తరువాత ఇంక వాదించలేదు. భర్త ఉప్మా చేయడం నేర్చుకున్నాడు. చరకం చదవడమంత కష్టమేమీ కాదది.

ఇది తుళ్లూరు సంగతి మాత్రమే కాదు. పశ్చిమ గోదావరిలో నరసాపురం పరిసరాల స్త్రీలు తరతరాలుగా ఇళ్లలో లేసు అల్లుతున్నారు. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వారినిగూర్చి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లే స్త్రీలను పనివారుగా గాక తీరిక వేళ ఏదో అల్లుకొనే గృహిణులుగానే లోకం లెక్కకట్టిందన్నది ఆమె చెప్పిన ముఖ్యాంశం. వైద్యునిగా నాకు ఇందులో కనిపించేది ఇది. పనిని తీరిక అని పిలిచిన ఇంట్లో, ఆ పని చేసిన మనిషికి నిద్ర బాకీ ఉన్నదని ఎవరికీ తోచదు.

రాత్రి జాగరణను రోజూ చేసి, ఉదయం సగం తీర్చుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. వాగ్భటుడు చెప్పినది ప్రాయశ్చిత్తం, అనుమతి కాదు. వారానికి రెండు రాత్రులకు మించి కూర్చోవద్దని ఆమెకు చెప్పాను. మిగిలిన పనికి పగలు రెండు గంటలు వేరుగా దొరకాలి. చట్రం ఉన్న గదికి తలుపు ఉండాలి, ఆ తలుపు వేసినప్పుడు పిల్లలు మరొకరి బాధ్యత కావాలి.

వేగధారణ విషయం చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఆపుకొనకూడని వేగాలు పదమూడని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం లెక్కిస్తుంది. వాటిలో మూత్రం, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర ఉన్నాయి. "ఈ పువ్వు పూర్తయ్యాక లేస్తాను" అనుకుంటూ మగ్గం ముందున్న తల్లి ఈ ఐదింటినీ ఒకే కూర్పులో ఆపుకుంటుంది. లేవవలసి వస్తుందని నీళ్లు తాగడమే మానుకొన్నవారిని చూశాను. మన ప్రాంతపు ఎండలకు అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట, తలనొప్పి వస్తాయి. పక్కన చెంబుతో నీళ్లుంచుకొని గంటకొకసారి లేవవలెను. మంటతోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రంలో నెత్తురు కనిపించినా ధనియాల కషాయంతో కాలక్షేపం చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అదే అధ్యాయంలో ఆపుకోవలసిన వేగాలూ ఉన్నాయి. లోభం, శోకం, భయం, క్రోధం మొదలైనవి. నాలుగు ఆర్డర్లు చేతిలో ఉండగా ఐదవది ఒప్పుకోవడం లోభమా అని ఆమె నన్ను అడిగింది. బడి ఫీజు కట్టవలసిన తల్లిని లోభి అనడానికి నాకు నోరు రాలేదు. కాని ఐదవదానికి గడువు పొడిగించి అడగడంలో తప్పులేదన్నాను.

ఆహారం గురించి రెండు మాటలు. రాత్రి పనికి తోడుగా టీ, దానితో మిరపకాయ బజ్జీనో, కారప్పూసో మన గుంటూరు సీమలో సహజం. జాగరణతో ఎండిన కోష్ఠానికి కారం, టీ తోడైతే గుండెల్లో మంట రాక ఏమవుతుంది? రాత్రి భోజనం ఎనిమిదింటికి ముగించి, పడుకొనేముందు గోరువెచ్చని గేదెపాలు ఒక గ్లాసు తాగవలెను. నిద్రలేమికి గేదెపాలు హితమని చరకుడు ప్రత్యేకించి చెప్పాడు. అరగనివారు, కఫతత్త్వంవారు ఆవుపాలు తీసుకోవచ్చు. పగలు పాతబియ్యపు అన్నం, పెసరకట్టు, చెంచాడు నెయ్యి, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగ. పాలిచ్చే తల్లికి పిల్లిపీచర చూర్ణం పాలతో మంచిదే గాని, వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

పడుకొనేముందు రెండు చెంచాల నువ్వులనూనెను గోరువెచ్చ చేసి అరికాళ్లకు ఐదు నిమిషాలు మర్దించుకొనవలెను. పాదాభ్యంగం కంటికి హితమని శాస్త్రం. తరువాత తుడుచుకోకుండా నడిస్తే జారిపడతారు, జాగ్రత్త. మెడకూ, నడుముకూ ఉప్పుమూటతో కాపడం పెట్టుకోవచ్చు. చట్రాన్ని మెడ వంచనక్కరలేనంత ఎత్తులో నిలపాలి. అరగంటకొకసారి కళ్లెత్తి కిటికీ బయట దూరంగా ఉన్న చెట్టునో, గోపురాన్నో కొద్దిసేపు చూడాలి. తేనె, పాలు, ఇంట్లో కాచిన కషాయాలు కంట్లో వేయవద్దు.

పిల్లలమాట. బిడ్డ ఆటవస్తువులు తేలికగా ఉండాలని, మొన వాడిగా ఉండకూడదని, నోట్లో పట్టేంత చిన్నవి కాకూడదని, ప్రాణాపాయం కలిగించనివి కావాలని చరకసంహిత శారీరస్థానంలో ఉన్నది. మగ్గం గదిలోని సూదులు, పూసలు, కుందన్లు ఈ నియమాలన్నింటికీ విరుద్ధం. వాటిని మూత బిగిసే డబ్బాలలో, బిడ్డకు అందని ఎత్తులో ఉంచవలెను. లేచేటప్పుడు ప్రతి సూదినీ లెక్కపెట్టుకోవాలి. పూస ముక్కులోనో, చెవిలోనో దూరితే పిన్నుతో కెలకకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మింగి దగ్గుతున్నా, ఊపిరి ఆడక ఇబ్బందిపడుతున్నా క్షణం ఆలస్యం చేయరాదు.

మరొకటి గట్టిగా చెప్పాలి. పని సాగాలని బిడ్డకు దగ్గుమందు తాగించి నిద్రపుచ్చే తల్లులను నేను చూశాను. ఒకనాడు బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు పసివారికి నల్లమందు పెట్టి పనికి పోయేవారు. సీసా మారింది గాని పాపం అదే. ఊపిరి మందగించి ప్రాణంమీదికి వస్తుంది. గసగసాల పాలూ వద్దు.

పోయిన ఆషాఢంలో ఆమె మళ్లీ వచ్చింది, పాప జలుబు కోసం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనుక తీరిగ్గా ఉంటారని నేననుకున్నాను. శ్రావణం పెళ్లి జాకెట్లన్నీ ఆషాఢంలోనే కుట్టాలట. తలనొప్పి తగ్గింది, మెడ లాగుడు ఇంకా ఉన్నది. వారానికి రెండు రాత్రులన్న నియమం మూడుకు పెరిగిందని తానే ఒప్పుకుంది. ఉదయం నిద్ర మాత్రం తప్పడంలేదన్నది. ఆరున్నరకు ముందు తనను లేపితే అత్తగారు మనవణ్ణి కోప్పడుతున్నారట.